ఎర్ర రాయి మీద గీత

మోకాళ్లు చూపించుకోవడానికి ఇన్నాళ్లూ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాను. కిందటి నెల కోడలు ఆటో పిలిచి, చెప్పులు తెచ్చి నా ముందు పెట్టి, ఇంక నన్ను మాట్లాడనివ్వలేదు. తార్నాక చౌరస్తా దాటాక ఒక మేడ మీద ఆస్పత్రి. డాక్టరు చిన్నవాడు. ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకొని, "ఆంటీ, మోకాళ్ల మీద కూసునుడు ఇగ బంద్. చర్చిల గూడ కుర్చీలనే కూసోని ప్రార్థన చేస్కోండి, దేవుడు ఏమనుకోడు" అన్నాడు. దేవుని తరఫున అంత ధీమాగా హామీ ఇచ్చే మనిషిని చూసి చాలా రోజులైంది, నవ్వొచ్చింది. తరువాత ఎడమ మోకాలి చిప్ప కింద బొటనవేలితో నొక్కి, "ఈ నల్ల చుక్క ఏంది? పుట్టుమచ్చ లెక్క లేదు" అన్నాడు. పాతది బాబూ, ఏం కాదు అన్నాను. ఆయన బల్ల మీద ఇంకో పేషెంటు కాగితాలు అప్పటికే వచ్చి పడ్డాయి. లేకపోతే కుర్చీ దగ్గరికి జరుపుకొని మొత్తం చెప్పి ఉండేదాన్నేమో.

మా సంఘంలో ఇప్పుడు నిజంగానే మోకరించేవాళ్లు తక్కువ. మెత్తటి కుర్చీలు వచ్చాయి, ఏసీ వచ్చింది, పాటల మాటలు తెర మీద కనిపిస్తున్నాయి. "మోకరించుదము" అని పాస్టరుగారు అనగానే అందరం తలలు వంచుతాం. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. వంగిన తల కూడా దేవునికి కనిపిస్తుంది. కాని మా నాయిన మోకాళ్లు చూసిన కళ్లకు ఇదంతా కొంచెం వెలితిగా ఉంటుంది. ఆయన మోకాళ్ల మీద చర్మం కాయలు కాసి, ఎండిన తోలులాగా గట్టిపడి ఉండేది. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుంటే ఆ మోకాళ్లు గరుకుగా తగిలేవి. అందరు నాయినల మోకాళ్లూ అట్లనే ఉంటాయనుకునేదాన్ని.

మా నాయిన రాళ్లు సానపట్టేవాడు. ఉంగరాల్లో, కమ్మల్లో పొదిగే రంగు రాళ్లు. మాకు తెలిసిన క్రైస్తవ కుటుంబాల్లో టీచర్లు ఉండేవాళ్లు, నర్సులు ఉండేవాళ్లు, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్లు ఉండేవాళ్లు. రాళ్లు సానపట్టేవాడు మాత్రం ఆయనొక్కడే. పెండ్లికి ముందే ఊరు వదిలి వచ్చి, పాతబస్తీలో ఒక సేఠ్ దుకాణంలో పనిలో చేరి, సాన చక్రం తిప్పే కమాను లాగే దగ్గర మొదలుపెట్టి మెల్లగా మెరుగు పెట్టే దాకా ఎదిగాడట. ఆ సేఠ్ చెడ్డవాడేం కాదు. పండుగ వస్తే మా ఇంటికి సేమ్యా పంపేవాడు. అయితే అక్కడ సెలవు శుక్రవారం. ఆదివారం నాయిన పొద్దున ఆరాధనకు పోయి, మధ్యాహ్నానికి దుకాణానికి వచ్చేటట్టు ఏండ్ల తరబడి సర్దుకున్నారు. గిరాకీ పెరిగాక సేఠ్ పొద్దుటి నుంచే రమ్మన్నాడు. నాయిన తన పనిముట్లు గోనెసంచిలో వేసుకొని, సేఠ్‌కు సలాం చేసి, ఇంటికి వచ్చేశాడు. ఆ సంచితోనే మేం తార్నాకలో కాపురం పెట్టాం.

ఇల్లు యూనివర్సిటీ గేటుకు పోయే సందులో ఉండేది. ముందు వసారా, మధ్యలో ఒక గది, వెనక ఒక చిన్న గది, పక్కన వంటిల్లు, పైన పెంకులు. ఇంటి వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది: తడి ఇనుము వాసన, దీపం మీద లక్క కరిగే వాసన, వీటి మీదుగా వంటింట్లోంచి జొన్నరొట్టె కాలే వాసన. వసారాలో నాయిన రాయి కోసేవాడు. మధ్య గదిలో సానపట్టేవాడు. కుట్టుమిషన్ కాలిపలకకు బెల్టు కట్టి, పైన కంచమంత ఇనుప పళ్లెం పడుకోబెట్టి తిరిగేటట్టు అమర్చుకున్నాడు. ఒక పుల్ల కొనకు లక్కతో రాయి అతికించి, ఆ పుల్ల రెండో కొన పక్కనున్న చెక్కలోని చిల్లులో పెట్టి, కింద రాయిని తిరిగే పళ్లానికి ఆనిస్తాడు. పై చిల్లులో పెడితే ఒక వాలు, కింది చిల్లులో పెడితే ఇంకో వాలు. ఆ వాలును బట్టే రాయికి ముఖాలు వస్తాయి. పళ్లెం మీద నీళ్లు, కార్బొరండం పొడి. అది వజ్రం తరువాత అంత గట్టి పొడి అని నాయిన గర్వంగా చెప్పేవాడు. ముతక పొడి నల్లగా, చీకట్లో కూడా తళుక్కుమనేది.

వెనక చిన్న గది మెరుగు పెట్టడానికి. అక్కడి పళ్లెం తగరంది, పొడి పాండ్స్ పౌడరులాగా తెల్లగా మెత్తగా ఉండేది. ముతక పొడి రేణువు ఒక్కటి ఆ తగరంలో దిగబడిందంటే చాలు, ఎంత సేపు తిప్పినా రాయి మీద గీత పడుతూనే ఉంటుంది. అందుకని ఆ గదికి ఉన్నన్ని నియమాలు మా చర్చిలో బలిపీఠానికి కూడా లేవు. బైబిల్లో దేవుని కోసం వేసిన ప్రత్యక్ష గుడారం సంగతి ఆదివారం బడిలో చదువుకున్నవాళ్లకు తెలుస్తుంది. నాయిన మా ఇంటిని అదే లెక్కన విభజించాడు. వసారా ఆవరణం, మధ్య గది పరిశుద్ధ స్థలం, వెనక గది ప్రధాన యాజకుడు ఒక్కడే పోగలిగే అతిపరిశుద్ధ స్థలం. లోపలికి పోయే ముందు గడప దగ్గర తొట్టిలో కాళ్లు, చేతులు, మొఖం కడుక్కోవాలి. తలకు తడిగుడ్డ చుట్టుకోవాలి. ఒంటి మీది బట్టలు విప్పి, తలుపు వెనక వేలాడే తెల్ల పంచె, బనీను వేసుకోవాలి. ఇదంతా ఆయనకే. మాకు లోపలికి ప్రవేశమే లేదు. మా అన్న ప్రభాకర్ ఆ తలుపు ముందు నుంచి పోయినప్పుడల్లా, "మెల్లగ నడువు చెల్లె, ప్రధాన యాజకుడు లోపల ఉన్నడు" అనేవాడు. నాయిన వినపడనట్టే ఉండేవాడు గాని ఆయన మీసం కొంచెం కదిలేది.

ఇంకొక అలవాటు ఉంది. ఏ పని మొదలుపెట్టినా నాయిన మోకరించి ప్రార్థన చేసేవాడు. కోసే ముందు వసారాలో, సానపట్టే ముందు మధ్య గదిలో. అందుకు ఆయన దగ్గర నాయినమ్మ గొంగడి ఉండేది. ఊరిలో కురుమలాయన నేసిన నల్ల గొంగడి అది. ఊరిలో ఇంకా ప్రార్థన మందిరం లేని కాలంలో, నాయినమ్మ దాన్ని చేను గట్టు మీద పరుచుకొని మోకరించేదట. మొదటిసారి ప్రభువు పేరు పలికింది దాని మీదే అని చెప్పేది. ఆమె పోయాక నాయిన దాన్ని నాలుగు మడతలు చేసి మోకాళ్ల కింద వేసుకునేవాడు. దాన్ని ఎవరూ ఉతకకూడదు. అమ్మ ఒకసారి బకెట్లో నానబెట్టబోతే నాయిన చేతిలోంచి లాక్కున్నాడు. "అవ్వ కన్నీళ్లున్నయి దీంట్ల. సబ్బేసి కడుగుతవా?"

నేను జియాలజీలో ఎం.ఎస్సీ. చేరాను. ఇంట్లో రాళ్లు చూసి చూసి రాళ్ల చదువే చదివాను. ఉద్యమం నడుస్తున్న ఆ యేడాది క్యాంపస్‌లో క్లాసులు ఎప్పుడు ఉంటాయో, బంద్ ఎప్పుడు పిలుస్తారో తెలిసేది కాదు. ఊరేగింపులు, నినాదాలు, తార్నాక రోడ్డు పొడవునా పోలీసు వ్యాన్లు. ఆ గందరగోళంలోనే మా డిపార్ట్‌మెంటులో రాళ్లు కోసి మెరుగు పెట్టే మనిషి ఉద్యోగం ఖాళీ అయింది. ప్రొఫెసరుగారికి మా నాయిన సంగతి నేనే చెప్పాను. ఆయన నాయినను పిలిపించి, బీరువాలోంచి ఒక ఎర్రటి గార్నెట్ తీసి చేతిలో పెట్టారు. ఖమ్మం వైపు వాగులో ఆయన చదువుకునే రోజుల్లో దొరికిందట. అంత పెద్దది, పగుళ్లు లేనిది అరుదు. దాన్ని సానపట్టి ఇస్తే మ్యూజియంలో పెడతాం, పని నచ్చితే ఉద్యోగానికి సిఫారసు చేస్తాను అన్నారు. దానికోసం వర్క్‌షాపులో చేయించిన ఇత్తడి ఉంగరంలాంటి పట్టు కూడా ఇచ్చారు. "రాయి దీంట్లో కూర్చోవాలి. చిన్నదైతే జారి కింద పడుతుంది, గుర్తుంచుకోండి" అన్నారు.

గవర్నమెంటు ఉద్యోగం, ఆదివారం సెలవు. నాయినకు అందులో కావాల్సింది రెండోదే. ఇటు చిల్లర పనులు తగ్గిపోయాయి, అటు పనికి మళ్లీ రమ్మని సేఠ్ మనిషిని పంపించాడు. వచ్చినతను వసారాలో కూర్చుని చాయ్ తాగుతూ, "మాస్టర్, సేఠ్ సాబ్ యాద్ చేస్తున్నరు. జీతం జాస్తి ఇస్తమంటున్నరు. ఒక్క ఇత్వార్ ఆరాధన సంగతే గద, దానికింత జిద్ ఎందుకు?" అన్నాడు. నాయిన "నెలాఖరు దాంక ఆగుమను" అన్నాడు. కాదు అని చెప్పలేకపోవడం మేం అందరం విన్నాం. అమ్మ వంటింట్లో రొట్టె తట్టడం ఆపింది.

ఆ రాయి పని మొదలైనప్పటి నుంచి ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా భయపడేవాళ్లం. సానపట్టడం బాగా జరిగింది. ముఖాలు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా వచ్చాయి. రాయి ఇత్తడి పట్టు మీద దర్జాగా, అంచు బయటికి వచ్చి మరీ కూర్చుంది. నాయిన దాన్ని వెనక గదిలోకి తీసుకెళ్లాడు. పగటి వెలుతురు బాగా ఉన్నప్పుడే మెరుగు పెట్టేవాడు. కొంతసేపటికి చక్రం ఆగింది. భూతద్దంలో చూస్తున్నాడన్నమాట. బయటికి వచ్చి మళ్లీ మధ్య గదిలో కూర్చున్నాడు. పై ముఖం మీద, వెంట్రుక పడ్డట్టు ఒక గీత.

గీత పడితే ఆ ముఖాన్ని మళ్లీ అరగదీయాలి. ఒక ముఖం అరగదీస్తే పక్కవాటిని దానితో సమానం చెయ్యాలి. అట్లా రాయి చుట్టూ తగ్గిపోతుంది. తగరం పళ్లెం పైపొర చెక్కేసి, తెల్లపొడి కొత్తది తెచ్చి మళ్లీ మెరుగు పెట్టాడు. మళ్లీ గీత. మళ్లీ అరగదీశాడు. ప్రతిసారీ రాయిని ఇత్తడి పట్టు మీద పెట్టి చూసేవాడు. ముందు బయటికి వచ్చిన అంచు మెల్లమెల్లగా లోపలికి పోతున్నది. ప్రతి గీతకూ నాయిన ప్రార్థన పెరిగింది. అంతకు ముందు వెనక గదిలో నిలబడే రెండు మాటలు అనుకొని పనిలో కూర్చునేవాడు, చిన్న రాళ్లకు అంత చాలు. ఈ పెద్ద రాయికి మాత్రం మొదటి రోజు నుంచే అక్కడ కూడా మోకరిస్తున్నాడు. మధ్య గదిలో చాలాసేపు, లోపల ఇంకా చాలాసేపు. తలుపు సందులోంచి ఆయన మూలుగు వినిపించేది. ఆ తరువాత చక్రం తిరిగిన చప్పుడు. ఆ తరువాత చక్రం ఆగిన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వస్తే అమ్మ కొంగు నోట్లో పెట్టుకునేది.

మెరుగు పళ్లెం తుడిచి నాయిన బయట పడేసిన గుడ్డలోని పొడిని నేను కాగితంలో కట్టుకొని డిపార్ట్‌మెంటుకు తీసుకుపోయి మైక్రోస్కోపు కింద పెట్టాను. పిండిలాంటి తెల్లపొడి మధ్యలో పదునైన అంచులతో నల్లటి ముక్కలు. ముతక కార్బొరండం, మా వసారాలోదే. సాయంత్రం నాయినకు చెప్పాను. "కాళ్లు కడుక్కుంట. బట్టలు మారుస్త. తలకు గుడ్డ కట్టుకుంట. నా తోని పోలే అది లోపలికి. నేను లేనప్పుడు ఎవరో లోపలికి పోతున్నరు" అన్నాడు. ఆ మాటతో ఇల్లు మారిపోయింది. నేను దారి చూపుదామని తెచ్చిన మాట అట్లా తిరిగింది.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, కొల్లసొమ్ములో కొంత తీసి తన డేరాలో పాతిపెట్టుకున్నవాని వృత్తాంతం చదివాడు. వాని ఒక్కని వల్ల దండు మొత్తం ఓడిపోతుంది. గోత్రం గోత్రంగా, ఇల్లు ఇల్లుగా వెతికితే వాడు బయటపడతాడు. చదివి, గ్రంథం మూసి, "ఈ ఇంట్ల దాచిపెట్టింది ఏదో ఉన్నది. ఎవరైతే వాళ్లు చెప్పుండ్రి" అన్నాడు.

ముందు అమ్మ ఏడ్చింది. పక్కింటి యాదమ్మ బోనాలనాడు అమ్మవారికి నైవేద్యం పెట్టి తెచ్చిన అన్నం కాదనలేక తిన్నానని చెప్పింది. "ఏం జెయ్యాలె, కండ్ల ముందలనే నిలబడ్డది. తిను వదినె, తిను వదినె అన్నది." నాయిన కళ్లు మూసుకొని, క్షమించబడ్డది అన్నట్టు చెయ్యి ఊపాడు. తరువాత అన్న వైపు చూశాడు. అన్న అప్పుడు బి.ఏ. ఆఖరి యేడు. పాటల బృందం మానేసి ఊరేగింపులకు పోతున్నాడని నాయినకు తెలుసు. చొక్కాకు సిగరెట్టు వాసన ఉంటుందని అందరికీ తెలుసు.

"లోపలికి పోయినవా?"

"పోలే."

"నిజం చెప్పు. నువ్వు రోడ్ల మీద తిరిగిన కాళ్లతోని లోపలికి పోయినవా?"

"నాయినా, నేను సిగరెట్ తాగిన, నిజమే. సినిమాకు పోయిన. చెప్తున్న గద. గని నేను సిగరెట్ తాగితే నీ రాయికెట్ల తెలుస్తది? నీ రాయేమన్న నా చొక్కా వాసన చూస్తదా?"

నేనైతే నవ్వేదాన్నే, ఇంకో రోజైతే. నాయిన లేచి నిలబడ్డాడు. "నా ఇంట్ల ఉండి నా ప్రార్థనను ఎక్కిరిస్తవారా?"

అన్న కూడా లేచాడు. గూట్లో ఉన్న దువ్వెన, ఒక చొక్కా తీసుకున్నాడు. "సరే. గీత నేనే అయితే, ఇగో, పోతున్న. రేపు రాయి మంచిగ చూస్కో" అని అడిక్‌మెట్‌లో స్నేహితుల గదికి వెళ్లిపోయాడు. అమ్మ గడప దాకా పరిగెత్తింది. నాయిన అన్నను వెనక్కి పిలవలేదు. వెనక గది తలుపుకు తాళం తెచ్చి వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

అన్న ఇంట్లో లేడు. తలుపుకు తాళం ఉంది. మరునాడు మళ్లీ గీత పడింది.

నాయిన ఆ రోజు అన్నం తినలేదు. అన్న సంగతి ఎత్తలేదు. అన్న తప్పు లేదని రాయి స్వయంగా సాక్ష్యం చెప్పినా, ఆయన నోటి నుంచి పేరు రాలేదు. పౌరుషం కాదది. అన్న కాకపోతే ఇంకెవరు? ఆ ప్రశ్నకు మిగిలింది తనే. నా మీదనే దేవునికి కోపం వచ్చిందా, పాతబస్తీకి పొమ్మనే చెప్తున్నడా అని అమ్మతో అన్నాడట. శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టాడు. మొట్టమొదటిసారి అమ్మను, నన్ను వెనక గదిలోకి రమ్మన్నాడు. కాళ్లు కడుక్కొని, ఉతికిన చీరలు కట్టుకొని పోయాం. ఎత్తుగా ఒక కిటికీ, తగరం పళ్లెం, ఒక ముక్కాలిపీట, అంతే. నాయిన మధ్య గదిలో నుంచి గొంగడి తెచ్చి, మాకు కూడా సరిపోయేటట్టు మడతలు విప్పి, ఒకసారి దులిపి పరిచాడు. ముగ్గురం మోకరించాం.

ఎంతసేపు ప్రార్థించాడో తెలియదు. మధ్యలో నా ఎడమ మోకాలిలో ముల్లు దిగినట్టు చురుక్కుమంది. కదలకూడదు. ఆయన ప్రార్థన సాగుతున్నకొద్దీ అది లోపలికి దిగుతున్నది. ఆమేన్ అన్నాక వంటింట్లోకి పోయి, చీర ఎత్తి చూసుకున్నాను. మోకాలి కింద సూది మొనంత రక్తం, దాని మధ్యలో నల్లటిది ఏదో తళుక్కుమంటున్నది. గోటితో తీయబోతే ఇంకా లోపలికి పోయింది. చర్మం మీద అద్దుకున్న మిగతా రేణువులను వేలితో తీసి వెలుతురుకు పెట్టాను. అవి ఏమిటో తెలుసుకోవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు.

నా వెనకే వంటింట్లోకి వచ్చిన అమ్మ నా వేలు చూసింది, లోపల గొంగడి ఉన్న వైపు చూసింది, అన్నీ అర్థమై తలుపు దగ్గరికి వేసింది. గోడకు ఆనుకొని మెల్లగా అంది: "చెప్పకు బిడ్డా."

"చెప్పకపోతే ఎట్లమ్మా? రాయి అయిపోతున్నది."

"ఉద్యోగం పోతే పోనీ. కొడుకును వెళ్లగొట్టిండు, అది కూడా ఓర్చుకున్న. నీ ప్రార్థననే గీత గీస్తున్నది అంటె ఆయన ఎట్ల బతుకుతడే? ఇన్నేండ్ల సంది ఆ గొంగడి మీదనే గద ఆయన నిలబడ్డది."

అమ్మ మాట నిజమే. గీత పడిందని ఆయన ఎక్కువ ప్రార్థించాడు. ఎక్కువ ప్రార్థించినకొద్దీ గొంగడి అటు ఇటు తిరిగింది, దులిపాడు, పరిచాడు. ఎక్కువ గీతలు పడ్డాయి. వసారాలో, మధ్య గదిలో ఏండ్లుగా ఉన్నిలో చేరిన ముతక పొడి. ఆయన తన ఒంటిని కడుక్కున్నాడు, బట్టలు మార్చాడు, మమ్మల్ని అనుమానించాడు, కొడుకును పంపించాడు. ఆ గొంగడిని అనుమానించడం ఆయన ఊహకు కూడా అందదు. నాకు అందిందా? మోకాలికి గుచ్చుకోకపోతే నాకూ అందేది కాదు. ఆ రాత్రంతా ఒకటే అడిగాను దేవుణ్ణి, ఎట్లా చెప్పాలో చెప్పమని. ఏ వాక్యమూ తట్టలేదు.

తెల్లారి నాయిన రాయిని మళ్లీ సానపట్టి, ఇత్తడి పట్టు మీద పెట్టాడు. అంచు ఇంక కొంచెమే ఆనుతున్నది. వేలితో తడితే కదులుతున్నది. ఇంకొక్కసారి అరగదీస్తే కింద పడుతుందని మా ముగ్గురికీ తెలుసు. సోమవారం ప్రొఫెసరుగారికి ఇవ్వాలి. నాయిన కాళ్లు కడుక్కున్నాడు, తలకు గుడ్డ కట్టుకున్నాడు, తాళం తీశాడు, చంకలో గొంగడి పెట్టుకున్నాడు. నేను వెళ్లి గడప మీద అడ్డంగా నిలబడ్డాను.

"నాయినా, గొంగడి లోపలికి తేకు."

"ఏంది?"

"గొంగడి బయటనే పెట్టు. దాంట్ల ఉన్నది పొడి."

నన్ను కొడతాడనుకున్నాను. ఆయన చెయ్యి లేచింది కూడా, కాని నా మీదికి కాదు, గొంగడిని ఇంకా గట్టిగా పట్టుకోవడానికి. "జరుగు" అన్నాడు. జరగలేదు. వంగి చీర మోకాలి దాకా ఎత్తి చూపించాను. ఎదిగిన ఆడపిల్లను, తండ్రి ముందు అట్లా నిలబడ్డాను. ఆయన భూతద్దం జేబులోంచి తీసి, నేల మీద కూర్చొని, నా మోకాలి దగ్గర పెట్టి చూశాడు. రాయిని చూసినంత సేపు చూశాడు. తరువాత అమ్మ వైపు చెయ్యి చాచాడు. అమ్మకు అర్థమై తెల్ల పింగాణీ పళ్లెం నీళ్లతో తడిపి తెచ్చింది. నాయిన గొంగడి మడత ఒకటి దాని మీద వేసి అరచేత్తో నొక్కి ఎత్తాడు. తెల్ల పళ్లెం మీద నల్లగా, తళతళా మెరుస్తూ, ఎండ పడ్డ ఇసుకలాగా పరుచుకుంది.

రోడ్డు మీద ఎక్కడో నినాదాలు వినపడి దూరమయ్యాయి. ఆయన పళ్లెం వైపు చూస్తూనే ఉన్నాడు. తరువాత గొంగడిని మడిచి, మడత మీద మడత సరిచేసి, అమ్మ చేతుల్లో పెట్టాడు. తన పంచె వైపు, తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. మళ్లీ తొట్టి దగ్గరికి పోయి, పీచుతో ఆ కాయలు కాసిన మోకాళ్లు రుద్ది రుద్ది కడుక్కొని, ఉతికిన వేరే తెల్ల పంచె కట్టుకున్నాడు. తగరం పళ్లెం పైపొర మళ్లీ చెక్కి, గది నేల తడిగుడ్డతో తుడిచాడు. అంతా అయ్యాక ముక్కాలిపీట మీద కూర్చున్నాడు గాని చక్రం కదల్లేదు. ప్రార్థన లేకుండా పని మొదలుపెట్టిన రోజు ఆయన జీవితంలో లేదు. గొంగడి లేకుండా మోకరించడం ఆయనకు తెలియదు, ఇన్ని గీతల తరువాత నిలబడి అనుకునే రెండు మాటలు ప్రార్థన అనిపించవు. అట్లాగే కూర్చున్నాడు. చివరికి తలుపు దగ్గరున్న అమ్మ వైపు తిరిగి, "కరుణమ్మా, నువ్వు మోకరించు. వసారల. నాకు ఇనవడేటట్టు చెయ్యి. నేను పని చేస్త" అన్నాడు.

మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ గొంతెత్తి ప్రార్థించలేదు. నాయిన చేస్తే ఆమేన్ అనేది. గొంగడిని వసారాలో పరిచి, మోకరించి, కొంగు తల మీదికి లాక్కుంది. తరువాత మొదలుపెట్టింది. "ప్రభువా, ఈయన చెయ్యి అదరకుండ చూడు. ఈయన కండ్లకు వెలుతురియ్యి." లోపల చక్రం తిరగడం మొదలైంది. "రాయి నీదే, నువ్వే చేసినవ్. పట్టుల కూసోబెట్టు. ఆదివారం నీదే, మాకు ఇయ్యి." చక్రం సాగుతున్నది. "ఇంకొకటి, ప్రభువా. నా కొడుకు ఏడ తిన్నడో, ఏడ పండిండో. వాడు లోపలికి పోలే. నీకు తెలుసు. ఇప్పుడు ఈయనకు గూడ తెలుసు. తెలిసిన మనిషి నోరు తెరవాలె గద, ప్రభువా." లోపల చక్రం ఆగింది. అమ్మ ఆగలేదు. "నోరు తెరవకపోతె ఆ నోటిని నువ్వే తెరిపియ్యి." కాసేపటికి చక్రం మళ్లీ తిరిగింది, ఇంతకు ముందు కన్నా మెల్లగా, నిదానంగా.

నాయిన బయటికి వచ్చేసరికి పొద్దు వాలింది. అరచేతిలో రాయి. భూతద్దం నాకు ఇచ్చి, నువ్వు చూడు అన్నాడు. ముఖం ముఖం చూశాను. గీత లేదు. లోపల ఎరుపు, నిప్పు కాదు, చల్లగా, దానిమ్మగింజలాగా. ఇత్తడి పట్టు మీద పెట్టాడు. ఒక పక్కన వెంట్రుకవాసి ఆనింది. పట్టును ఎత్తి, మెల్లగా అటు ఇటు ఊపాడు. రాయి కూర్చునే ఉంది. ఆయన చొక్కా వేసుకున్నాడు. "పా బిడ్డా, అడిక్‌మెట్ పోదం" అన్నాడు. అమ్మ అప్పటికి ఇంకా వసారాలో గొంగడి మీదే ఉంది.

అన్న ఆ గదిలో ఇంకో ఇద్దరితో కలిసి కిరోసిన్ స్టవ్ మీద అన్నం వండుతున్నాడు. నాయినను చూసి లేచి నిలబడ్డాడు. నాయిన స్టవ్ వైపు చూసి, "అన్నం ఇంక ఉడకలే" అన్నాడు. అన్న నవ్వాడు. "రాయి ఏమన్నది నాయినా?" అని అడిగాడు. "నీ పేరు జెప్పలే" అన్నాడు నాయిన. ఆ తరువాత, అక్కడ అందరి ముందు, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "నాదే తప్పు, ఇంటికి నడువు" అన్నాడు. అన్న స్టవ్ ఆర్పనైనా ఆర్పలేదు, స్నేహితుడు ఆర్పాడు.

ప్రొఫెసరుగారు రాయిని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశారు. "చిన్నది చేశారు" అన్నారు. నాయిన దాపరికం లేకుండా, గొంగడి సంగతి, గీతల సంగతి, అంతా చెప్పాడు. నేను తల దించుకొని నిలబడ్డాను. ప్రొఫెసరుగారు నవ్వలేదు. పట్టును చేతిలో పెట్టుకొని ఒకసారి తలకిందులు చేయబోయి, ఎందుకో మానుకొని, మెల్లగా బల్ల మీద పెట్టారు. ఉత్తర్వు రావడానికి బందుల వల్ల ఆలస్యమైంది గాని వచ్చింది. నాయిన రిటైరయ్యే దాకా ఆదివారం ఆయనదే అయింది. సేఠ్ ఆ యేడు కూడా పండుగకు సేమ్యా పంపాడు.

ఇంటి పద్ధతి మాత్రం ఆ రోజు నుంచి మారింది. మెరుగు పనికి నాయిన లోపల, అమ్మ వసారాలో గొంగడి మీద. అమ్మ ప్రార్థనల్లో కొన్నాళ్లకు కూరగాయల ధరలు, పెంకులు కారడం, నాకు వచ్చిన సంబంధాలు అన్నీ చేరాయి. ఆమె ఆమేన్ అనేదాకా చక్రం ఆపని నాయిన లోపల నుంచి, "ఆమేన్ అనవే, రాయి కాలుతున్నది" అని అరిచేవాడు. కొంతకాలానికి సంఘంలో కూడా అమ్మ లేచి గట్టిగా ప్రార్థించడం మొదలుపెట్టింది. ఆమె ప్రార్థనకు ఏడ్చినవాళ్లను నేను చూశాను. ఆ నోరు ఎక్కడ తెరుచుకుందో నాకు, నాయినకు, దేవునికి తెలుసు.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం కోడలు సోఫా కుర్చీ నా మంచం పక్కకు జరిపి, "అత్తయ్యా, ఇగ దీంట్లనే కూసోని చేస్కో" అని చెప్పి పోయింది. మంచి పిల్ల. కూర్చొని కళ్లు మూసుకున్నాను. మాటలు వచ్చాయి గాని ఏదో అడ్డం తగిలినట్టుంది. కాసేపటికి లేచి, బీరువా అడుగు అరలోంచి నాయినమ్మ గొంగడి తీశాను. దాన్ని ఇప్పటికీ ఎవరూ ఉతకలేదు. కింద పరిచి, కుర్చీ చెయ్యి పట్టుకొని, ముందు కుడి మోకాలు, తరువాత ఎడమది దించాను. చాలా నొప్పిగా ఉంది. చుక్క ఉన్నచోట ఉన్ని గరుకుగా తగిలింది. పక్క గదిలో కోడలికి వినపడేటట్టు, గొంతెత్తి మొదలుపెట్టాను.